బొమ్మలవారి ఇంటినుడి, ఆటనుడి

(హోసూరులో జరిగిన పొరుగు రాష్ట్రాల తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషా హక్కుల సభలో బొమ్మలాట ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కళలంటే సభ ముగిసే ముందు ఒక గంట వినోదం అన్న అలవాటు మనకు పడిపోయింది. పొద్దుటి నుండి పాఠశాలలు, పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయుల ఖాళీలు, ప్రభుత్వ ఉత్తర్వుల గురించి మాట్లాడుకున్నాం. అవి అసలైన పనులే, కాదనను. అయితే ఊరూరా తిరిగి బొమ్మలాడించి బతికిన కుటుంబాల బతుకులో నుడి ఎలా నిలిచింది, ఎక్కడ జారిపోయింది అన్నది పరిశీలిస్తే మన పనికి అక్కరకు వచ్చే సంగతులు కొన్ని దొరుకుతాయి. వాటిలో ఒకటి మనల్ని ఇబ్బంది పెట్టేది కూడా. దానిని దాటవేయకుండా చెప్పదలచి వచ్చాను.

నాటకాలలో సూత్రధారుడు అనే మాట మనకు పరిచితమే. సూత్రం అంటే దారం. దారం పట్టినవాడు సూత్రధారుడు. సంస్కృత నాటకం బొమ్మలాట నుండే పుట్టిందనీ, ఆ మాటే అందుకు సాక్ష్యమనీ 1900లో జర్మను పండితుడు రిచర్డ్ పిషెల్ వాదించాడు. తరువాతి పండితులలో చాలామంది ఒప్పుకోలేదు. సూత్రమంటే కొలతదారమనీ, కట్టడి అనీ వేరే అర్థాలున్నాయి గదా అన్నారు. ఆ తగవు తీర్చడం మన పని కాదు. దారం పట్టి బొమ్మను నడిపించేవాడికి మన దేశంలో పండితులు తర్కించేంత పాత చరిత్ర ఉన్నదని మాత్రం గుర్తుంచుకుందాం.

దారాల బొమ్మలాట ఒక్కో నాట ఒక్కో తీరున ఉంటుంది. మీరున్న ఈ తమిళనాట బొమ్మలాట్టంలో కొయ్యబొమ్మ నాలుగున్నర అడుగుల ఎత్తు, పది కిలోల బరువు దాకా ఉంటుంది. ఆ బరువును రాత్రంతా చేతులతో మోయడం ఎవరితరమూ కాదు. అందువల్ల బొమ్మ దారాలను ఒక ఇనుప వలయానికి కట్టి, ఆ వలయాన్ని ఆటవాడు కిరీటంలా తలకు పెట్టుకుంటాడు. బొమ్మ చేతులను కడ్డీలతో ఆడిస్తాడు. బొమ్మ బరువు అతని మెడమీద ఉంటుంది. కర్ణాటకలో సూత్రద గొంబెయాట బొమ్మ యక్షగాన వేషం కట్టుకొని, ఐదు నుండి ఏడు దారాలతో ఆడుతుంది. ఒడిశా బొమ్మకు కాళ్ళే ఉండవు. పొడవాటి పావడా ఆ లోటు తెలియనీయదు. దారాలన్నీ ఒక ముక్కోణపు చెక్కకు కట్టి ఉంటాయి. మహారాష్ట్రలో సింధుదుర్గ్ జిల్లా పింగుళి గ్రామపు ఠాకర్ కుటుంబాలు ఒకే ఇంట్లో దారాల బొమ్మలూ, తోలుబొమ్మలూ, చిత్రాలు చూపుతూ చెప్పే చిత్రకథీ మూడూ నడిపాయి. ఆ ఊరి పరశురామ్ గంగావణే గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. తెలుగునాట కూడా, పూర్వపు వరంగల్లు జిల్లా అమ్మాపురంలో కొయ్యబొమ్మల ఆట ఉన్నది.

ఇక్కడ రాజస్థాన్ కఠ్‌పుతలీ గురించి ఒక్క మాట చెప్పాలి. నాగౌర్ ప్రాంతపు భాట్ కుటుంబాలు ఈ బొమ్మలతో దేశమంతా తిరిగాయి. వాళ్ళు ఎక్కువగా ఆడే కథ 1644లో ఆగ్రాలో హతుడైన అమర్‌సింగ్ రాఠోడ్‌ది. ఆ బొమ్మ మాట్లాడదు, కూస్తుంది. ఆటవాడు వెదురుతో చేసిన ‘బోలీ’ అనే చిన్న పీకను నోట్లో పెట్టుకొని పిట్టకూతలాంటి ధ్వని చేస్తాడు. డోలక్ వాయిస్తూ పక్కన కూర్చున్న మనిషి, చాలాసార్లు ఆయన భార్యే, ఆ కూతకు అర్థం చెబుతుంది. బొమ్మకు మాటలు లేవు గనుక ఆట ఏ నాటికి పోయినా బొమ్మ మారనక్కరలేదు. అర్థం చెప్పే మనిషి ఆ ఊరి భాషలో నాలుగు మాటలు నేర్చుకుంటే చాలు. ఢిల్లీ వీధుల్లోనూ, పర్యాటకుల హోటళ్ళ ముంగిళ్ళలోనూ కఠ్‌పుతలీ నిలదొక్కుకోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. ఢిల్లీలో వాళ్ళు దశాబ్దాలపాటు నివసించిన కఠ్‌పుతలీ కాలనీని 2017లో కూల్చివేశారు. అది మరో బాధ.

మన ఎల్లల్లో ఎక్కువగా తిరిగినది తోలుబొమ్మ. అది కూయదు, మాట్లాడుతుంది. మాట్లాడటమే కాదు, ద్విపద పాడుతుంది, పద్యం చదువుతుంది, తగవు పడుతుంది, తిడుతుంది. దానికి నుడి తప్పనిసరి. కనుక తోలుబొమ్మవారి బతుకంతా నుడితో ముడిపడి ఉన్నది. నేను చెప్పదలచినది ఈ ముడి గురించే.

పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో తెర మరుగున ఆడే బొమ్మలను ప్రస్తావించాడు. అంటే ఏడువందల ఏళ్ళకు పైబడిన సంగతి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు చొరబడేంత పలుచన చేసి, లాగి కట్టి ఆరబెడతారు. దానిమీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో నగలకూ బట్టల అంచులకూ చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగు వేస్తారు. భుజం, మోచేయి, నడుము, మోకాలు వేరువేరు ముక్కలుగా కోసి దారంతో ముడివేస్తారు. నడుమ నిలువునా ఒక బద్ద. హనుమంతుడు, రావణుడు వంటి బొమ్మలు మనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. పెట్టెలో వాటిని సర్దడంలోనూ ఒక పద్ధతి ఉంది: దేవతలనూ రాక్షసులనూ ఒకచోట కలిపి పెట్టరు. చిరిగి పనికిరాని బొమ్మను పారవేయరు, ఏటిలో వదులుతారు.

ఊరిలో ఆట కుదిరితే రచ్చబండ దగ్గర గుంజలు పాతి, రెండు తెల్లబట్టలను ముళ్ళతో కలిపి గుచ్చి తెర కడతారు. వెనుక ఆముదపు దీపాలు వెలిగించేవారు; తరువాత పెట్రోమాక్సు, ఆ తరువాత కరెంటు బల్బు వచ్చాయి. ఆముదపు దీపం గాలికి కదిలితే బొమ్మ ఊపిరి తీసినట్టుండేదనీ, బల్బు వెలుగులో బొమ్మ బిగుసుకుపోతుందనీ పాత ఆటవాళ్ళు చెబుతారు. మద్దెల, తాళాలు, హార్మోనియం, కాళ్ళకు గజ్జెలు ఉంటాయి. కాలి కింద ఒక చెక్క కూడా ఉంటుంది. యుద్ధం వచ్చినప్పుడు దానిమీద తొక్కితే ఊరు దద్దరిల్లాలి. కుటుంబంలో అందరికీ పని ఉంటుంది. సీతకూ మండోదరికీ గొంతునిచ్చేది ఇంటి ఆడవాళ్ళు. మగవాళ్ళే ఆడవేషం కట్టిన కళలు మనకు ఎన్నో ఉన్నాయి గాని, ఇల్లాలు భర్త పక్కన నిలబడి రాత్రంతా పాడిన కళలు అరుదు. ఈ గొప్పతనాన్ని మన పుస్తకాలు అంతగా పట్టించుకోలేదు. పిల్లలు తెర వెనుకే నిద్రపోతూ, మేలుకొంటూ, బొమ్మలు అందిస్తూ పెరుగుతారు. ఆ పిల్లల బడి అదే.

వానలు లేకపోతే విరాటపర్వం ఆడించేవారు. కోతలయ్యాక, శివరాత్రికి, జాతరలకు రామాయణం నడిచేది. కొన్ని కుటుంబాలకు కొన్ని ఊళ్ళు అన్న కట్టుబాటు ఉండేది. ఒకరి ఊరికి మరొకరు వెళ్ళేవారు కారు. కూలి ధాన్యంగా వచ్చేది. బండిమీద బొమ్మల పెట్టె, వంట సామాను, కోళ్ళు, ముసలివాళ్ళు అందరూ కలిసే కదిలేవారు. ఒక ఊళ్ళో ఆట ముగిసేసరికి పొద్దు పొడిచేది. అప్పుడు ఇంటింటికీ వెళ్ళి అడిగేది మరో ఆట.

మన సభకు సంబంధించిన అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. ఆంధ్రలో ఈ ఆటను వృత్తిగా చేపట్టినవారిలో ఎక్కువ కుటుంబాల ఇంటినుడి తెలుగు కాదు. అది ఆరె అని పిలిచే ఒక రకం మరాఠీ. కర్ణాటకలో ఇదే పని చేసే కిళ్ళేక్యాతల ఇంటినుడీ మరాఠీ పోలికదే. తమిళనాడు దక్షిణాన తోల్‌పావైక్కూత్తు ఆడే కుటుంబాలదీ అంతే. మరాఠీ ప్రాంతాల నుండి దక్షిణానికి ఏ కాలంలో, ఎన్ని విడతలుగా వచ్చారన్నదానిపై పరిశోధకుల మాటలు ఒకటిగా లేవు. కాని వచ్చినవారు తెలుగునాట తెలుగులో, కన్నడనాట కన్నడంలో, తమిళనాట తమిళంలో ఆడారు. ఇళ్ళలో మాత్రం తమ నుడినే నిలుపుకున్నారు. బడి లేదు, లిపి వాడుక లేదు, పుస్తకం లేదు, ఏ ప్రభుత్వపు ఉత్తర్వూ లేదు. వందల ఏళ్ళు తెలుగు కన్నడాల నడుమ మెలగడంతో అది పుస్తకాల మరాఠీకి దూరమైంది. అయినా నిలిచింది. తెర వెనుక “ఆ బొమ్మ అందుకో, దీపం సర్దు” అని ఒకరితో ఒకరు అనుకునేది ఇంటినుడిలో. తెర మీదుగా ఊరికి వినిపించేది తెలుగు. పలుచని బట్ట ఒక్కటే ఆ రెండు నుడులకూ నడుమ ఎల్ల.

ఆ తెలుగు ఎటువంటిది? గోన బుద్ధారెడ్డి పేరిట ప్రసిద్ధమైన రంగనాథ రామాయణం వీళ్ళ రామాయణానికి ప్రధానమైన ఆధారం. ద్విపద పాటకు వంగుతుంది, నోట నిలుస్తుంది, ఊరివారికి అందుతుంది. వాల్మీకంలో లేని సులోచన కథ ఉన్నది ఈ దారిలోనే. దానికి తోడు మైరావణుడి కథ. అక్షరం రాని రైతు తెల్లవారేదాకా కూర్చొని విన్న కావ్యభాష ఇది. దాని నడుమ కేతిగాడు వస్తాడు. బంగారక్క వస్తుంది. జుట్టుపోలిగాడు వస్తాడు. వీళ్ళది ఆ ఊరి మాట, ఆ వారపు మాట. కరణంగారి లెక్కలూ, కొత్తగా వచ్చిన పన్నూ, ఎవరింటి కోడి ఎవరి పెరట్లో దూరిందన్నదీ వీళ్ళ నోట వస్తుంది. మర్యాదస్తులు చెవులు మూసుకునేవీ వస్తాయి. పొద్దున ఊరిలో దిగి సాయంత్రానికి ఆ ఊరి పలుకుబడిని పట్టుకుంటేనే రాత్రికి కేతిగాడు నవ్వించగలడు. ఈ మండలానికీ పక్క మండలానికీ మాటలో తేడా ఎక్కడున్నదో భాషాశాస్త్రజ్ఞుడికంటే ముందు తెలిసినవాడు కేతిగాణ్ణి ఆడించేవాడు. తెలుగు తన తల్లిభాష కాని మనిషి తెలుగు మాండలికాలను అంత సూక్ష్మంగా వినగలిగాడంటే ఆశ్చర్యం కలగదా?

ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. తంజావూరును ఏలిన మరాఠా రాజు శహాజీ తెలుగులో యక్షగానాలు రచించాడు. ఇంటినుడి మరాఠీ అయిన రాజు తెలుగును ఆదరించాడని మనం ప్రతి సభలో గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. అదే పనిని రచ్చబండ దగ్గర ముళ్ళతో తెర గుచ్చి చేసినవాళ్ళ పేర్లు మన సాహిత్య చరిత్రలకు ఎక్కలేదు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి, మొదలి నాగభూషణశర్మ వంటివారు కళారూపంగా దానిని గ్రంథస్థం చేశారు. వారికి మనం రుణపడి ఉన్నాం. ఆటలోని మాటను, అది ఆశువుగా అల్లుకునే తీరును పట్టుకొని 1984లో ఒక పరిశోధన గ్రంథం వచ్చింది. అది అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ రాసినది. కేతిగాడి తెలుగును వినడానికి విస్కాన్సిన్ నుండి మనిషి రావలసి వచ్చింది.

ఇప్పుడు ఎల్ల దాటి చూద్దాం. కర్ణాటక తోలుబొమ్మలలోనూ నవ్వించే జంట ఉన్నది: కిళ్ళేక్యాతుడు, బంగారక్క. ఆడామె పేరు మారలేదు. తెలుగునాట బంగారక్కే, కన్నడనాట బంగారక్కే. బళ్ళారి, అనంతపురం, పావగడ, కోలారు చుట్టూ తిరిగిన కుటుంబాలకు 1956 తరువాత గీసిన గీతలతో పని లేదు. పగలు దాటిన ఏరు ఏ రాష్ట్రంలోకి వస్తుందో అడిగి తెలుసుకోలేదు. చెవి పెట్టి విన్నారు. ఆ ఊరు ఏ నుడిలో నవ్వుతుందో ఆ నుడిలో ఆడారు. ఒకే ఆటలో రామాయణం ఒక భాషలో, హాస్యం మరో భాషలో సాగిన ఊళ్ళు కూడా ఉన్నాయి. ఇది ఎల్లప్రాంతాల సహజ జీవనం. దానిని ఇప్పుడు మనం కొత్తగా చట్టాల ద్వారా అడుక్కోవలసి వస్తున్నది.

కాని ఈ అందమైన బొమ్మకు రెండో వైపు కూడా చూడాలి. తిరిగేవాడి ఆటనుడి అతను తిండి తినే చోటిది. ఊరు మారితే నుడి మారుతుంది. కృష్ణగిరి పల్లెల్లో పిల్లలకు తెలుగు అర్థంకాని రోజు వస్తే అతను తమిళంలోకి మారతాడు. అందులో అతని తప్పు లేదు, అతని కడుపు నిండాలి. కనుక మన తెలుగు ఆటను నిలిపే పూచీ అతనిదని చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

దీనికి ఎదురు సాక్ష్యాలు రెండున్నాయి. పాలక్కాడు చుట్టుపట్ల భద్రకాళి గుళ్ళలో తోల్‌పావక్కూత్తు జరుగుతుంది. అది కేరళ. కాని అక్కడి బొమ్మ పాడేది తమిళ కంబరామాయణం. కొన్నిచోట్ల 21 రాత్రులు నడుస్తుంది. మలయాళ సీమలో తమిళ పద్యం తరతరాలుగా ఎలా నిలిచింది? అక్కడ కూత్తుమాడం అనే కట్టడం ఉన్నది. ఆటకు శాశ్వతమైన ఇల్లు అది. ఏ రాత్రి మొదలుపెట్టాలో, ఏ రాత్రి ముగించాలో గుడి పంచాంగంలో ఉన్నది. జనం వచ్చినా రాకున్నా అమ్మవారు వింటుందని ఆటవాడు దీపం వెలిగిస్తాడు. ఈ పరంపరకు చెందిన రామచంద్ర పులవర్ గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

రెండోది మీకు దగ్గరిదే. తంజావూరు జిల్లా మెలట్టూరులో ఏటా నరసింహ జయంతికి భాగవతమేళం ఆడతారు. ఆడేది మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలు. చుట్టూ తమిళం. అయినా ఆ రాత్రి ప్రహ్లాదుడు తెలుగులోనే మాట్లాడతాడు. అక్కడా గుడి ఉన్నది, తిథి ఉన్నది, వేషం వేయడం మొక్కుగా భావించే కుటుంబాలు ఉన్నాయి.

కొందరు మిత్రులు దీనిని విని ‘అయితే భక్తి ఉంటే భాష నిలుస్తుందన్నమాట’ అంటారు. నేను అలా అనుకోవడం లేదు. నిలిపినది స్థలమూ తిథీ. ఏటా ఫలానా రాత్రి ఫలానా చోట ఫలానా నుడిలో ఆట జరిగి తీరాలన్న కట్టుబాటు. తిరిగే బొమ్మలవారికి మన ఊళ్ళు ఆ కట్టుబాటును ఒకప్పుడు ఇచ్చాయి, తరువాత తీసేశాయి. సినిమా వచ్చిందనీ, టీవీ వచ్చిందనీ చెప్పడం సులువు. టూరింగ్ టాకీసులు వచ్చాక కూడా చాలాకాలం ఆట నడిచింది. ఊరుమ్మడి ఖర్చులో బొమ్మలాట పద్దు కొట్టివేసిన నాడే అది పడిపోయింది. ఆ పద్దు కొట్టినవాళ్ళలో మన తాతలూ ఉన్నారు.

ఇప్పుడు ఏమున్నది? సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉన్నది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. కర్ణాటకలో కొప్పళ జిల్లాకు చెందిన భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్ళేక్యాతర గారికి తొంభై ఏళ్ళు దాటిన వయసులో 2025లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషం. ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. నిమ్మలకుంటలో ఇవాళ ఎక్కువ చేతులు చేసేది దీపపు గూళ్ళు, గోడకు తగిలించే బొమ్మలు, తలుపుల అలంకారాలు. వాటితో ఇళ్ళు గడుస్తున్నాయి, పిల్లలు చదువుకుంటున్నారు. దానిని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. ఆకలితో ఆడిన రాముడికంటే అన్నం పెట్టిన దీపపు గూడే మేలు. కాని ఒక తేడాను మనం గమనించాలి. తోలు బతికింది. ఉలి బతికింది. రంగు బతికింది. నోరు మాత్రం పోతున్నది. దీపపు గూటికి మాట అక్కరలేదు. భౌగోళిక గుర్తింపు వస్తువుకు ఇస్తారు. కేతిగాడి తిట్టుకు ఇవ్వరు. పురస్కారమిచ్చిన సభలో కూడా ఐదు నిమిషాల ఆట చాలంటారు. ఐదు నిమిషాలలో హనుమంతుడు ఎగురుతాడు, లంక కాలుతుంది, చప్పట్లు మోగుతాయి. రాత్రంతా నడిచే కథలో అక్కడక్కడా విరిసే మాట ఆ ఐదు నిమిషాలలో ఇమడదు. నేటి యువకులు ఆడే ఆట చాలావరకు ముందే రికార్డు చేసిన పాటకు నడిచేది. బొమ్మ కఠ్‌పుతలీలా మాటలేనిదైపోతున్నది, అయితే కూత కూడా లేకుండా.

ఇక నేను మొదట ఇబ్బంది అన్న సంగతికి వస్తాను.

మనం హక్కుల గురించి మాట్లాడేటప్పుడు రాజ్యాంగంలోని 350-ఎ అధికరణాన్ని ప్రస్తావిస్తాం. 1956లో ఏడో సవరణతో వచ్చినది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ప్రతి రాష్ట్రమూ చేయాలని అది చెబుతుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుండి మొదలై ఏటేటా పైకి పాకి పదో తరగతికి చేరినప్పుడు మీరు ఎంత నలిగారో ఈ సభలో కూర్చున్న ప్రతి తల్లికీ తండ్రికీ తెలుసు. ఆ బాధతోనే అడుగుతున్నాను: తెలుగునాట ఆరె మాట్లాడే బొమ్మలవారి పిల్లవాడికి 350-ఎ వర్తించదా? అతను తెలుగు బడిలో మొదటి రోజు కూర్చున్నప్పుడు, మీ పిల్ల తమిళ బడిలో కూర్చున్నట్టే కదా కూర్చున్నది? అతని నుడిలో పలకరించే ఉపాధ్యాయుడు ఉండాలని ఏ తెలుగు సభ అయినా తీర్మానం చేసిందా? నేను ఎరిగినంతలో వినలేదు.

జనాభా లెక్కల పట్టికలు తిరగేస్తే ఒక విచిత్రం కనబడుతుంది. మరాఠీ అన్న శీర్షిక కింద ఆరె అని ఒక పేరు ఉన్నది. తెలుగు అన్న శీర్షిక కింద వడరి అని మరో పేరు ఉన్నది. వడరి అంటే మహారాష్ట్ర, కర్ణాటకలలో రాళ్ళు కొట్టి, మట్టి మోసి బతికిన మన ఒడ్డెర్ల తెలుగు. తెలుగునాట మరాఠీ బిడ్డ ఆరె. మరాఠీనాట తెలుగు బిడ్డ వడరి. ఇద్దరూ తిరుగుబతుకువాళ్ళే, ఇద్దరికీ బడి లేదు. షోలాపూరు దగ్గర వడరి పిల్లవాడికి తెలుగు అందడంలేదని బాధపడే మనం, ధర్మవరం దగ్గర ఆరె పిల్లవాణ్ణి చూడకపోతే మన మాటకు బలం ఎక్కడిది?

2011 తరువాతి జనగణన 2027లో జరుగుతుందని కేంద్రం 2025లో ప్రకటించింది. మాతృభాష ఏది అన్న ప్రశ్న వస్తుంది. మన సంఖ్య పెరగాలన్న ఆరాటం మనందరికీ ఉన్నది. తెలుగువాళ్ళు తెలుగు అని రాయించాలని ఊరూరా చెప్పవలసిందే. అయితే ఆ ఉత్సాహంలో బొమ్మలవారి గుడిసెల దగ్గరకు వెళ్ళి “మీరు తెలుగులో ఆడతారు గదా, తెలుగు అని రాయించండి” అని మాత్రం అనకండి. పదివేల మందికి తక్కువ పలికే మాతృభాషల లెక్కను విడిగా ప్రచురించరు. ఒక్కొక్క ఇల్లూ ‘తెలుగు’, ‘కన్నడం’ అని రాయించుకుంటూ పోతే ఒకనాటికి ఆ పేరు పట్టికలోంచే తొలగిపోతుంది. మన సంఖ్యకు ఆ కొన్ని వేలు కలిసినందువల్ల ఒరిగేదేమీ లేదు. వాళ్ళకు పోయేది అంతా. ఇంట్లో ఏది మాట్లాడతారో అదే రాయించమని చెప్పండి. అంతవరకు చెబితే చాలు.

ఇక చేయవలసిన పనుల గురించి నాలుగు మాటలు. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఫోను ఉన్నది, అందులో గంటలకొద్దీ మాట పడుతుంది. బొమ్మల ఫోటోలు లోకంలో చాలినన్ని ఉన్నాయి, మరిన్ని తీయనక్కరలేదు. మాట పట్టండి. ముసలి ఆటవాడిని కూర్చోబెట్టి, ఐదు నిమిషాల ముక్క కాకుండా, ఒక కథను మొదటి నుండి చివరిదాకా చెప్పించండి. దానికి రాత్రంతా పట్టినా సరే, ఆ రాత్రికి కూలి ఇచ్చి. కేతిగాడి మాటలను మర్యాద పేరుతో కత్తిరించకండి. ముఖ్యంగా ఆడవాళ్ళ గొంతులు పట్టండి. సీత పాటలు వాళ్ళకే వచ్చు. ఇంటినుడిలో వాళ్ళు బొమ్మ భాగాలను, ఉలులను, తెర సామానును ఏమని పిలుస్తారో విడిగా అడిగి రాసుకోండి. ఆ మాటలు తెలుగు నిఘంటువులో లేవు, మరాఠీ నిఘంటువులోనూ ఉంటాయన్న నమ్మకం లేదు.

మీ ఊరి జాతరలో ఆర్కెస్ట్రాకు పెట్టే ఖర్చులో కొంత తీసి, ఏటా ఒకే తిథిన, ఒకే చోట, తెలుగులో బొమ్మలాట పెట్టించగలరా? మొదటి ఏడు యాభై మంది వస్తారు. రెండో ఏడు ముప్ఫై మందే రావచ్చు. కూత్తుమాడంలో కొన్ని రాత్రులు వినేవాడొక్కడూ ఉండడు, అయినా ఆట ఆగదు. తెలుగు మాధ్యమం మిగిలిన బడులు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి గనుక ఆ పిల్లలను ఆ రాత్రికి తీసుకురండి. బరంపురం, షోలాపూరు నుండి వచ్చిన మిత్రులు తమ వైపు దారాల బొమ్మలవారిని చూసే ఉంటారు. వాళ్ళు తెలుగులో ఆడకపోయినా పిలిపించండి. వాళ్ళ ఇంటినుడి ఏమిటో అడగండి.

భోజనాల పందిరి పక్కన ఒక పుస్తకం పెట్టించాను. మీ ఊరి చుట్టుపక్కల బొమ్మలాడించే కుటుంబం ఉంటే, లేదా ఒకప్పుడు వచ్చి ఆడిపోయేవారని మీ ఇంటి పెద్దలు చెప్పినా, ఊరి పేరు, ఆడిన కథ పేరు, చివరిసారి ఎప్పుడు ఆడారు, ఏ భాషలో ఆడారు, ఇంట్లో ఏ భాష మాట్లాడుకునేవారు అన్నవి అందులో రాయించండి. చివరి ప్రశ్నను ఖాళీగా వదలవద్దు.